పంక్తి, పాత్ర, పరిమితి

ఆహారశుద్ధిని గూర్చిన విచారము మన వైష్ణవ గృహములకు క్రొత్తది కాదు. ఏది తినదగినది, ఏది విడువదగినది అను ప్రశ్న పుట్టినపుడు ఇంటి పెద్దలలో ఎవరో ఒకరు నేటికిని సమాధానము చెప్పగలరు. ఉల్లి, వెల్లుల్లి చొరని వంటిండ్లు ఇప్పటికిని ఎన్నియో కలవు. స్వామికి నివేదింపని దానిని ముట్టని వారును కలరు. అయితే ఏది తినవలెను అను ప్రశ్నతో పాటు ఎచట తినవలెను, ఏ పాత్రలో తినవలెను, ఎవరు వడ్డింపవలెను, ఎప్పుడు లేవవలెను అను ప్రశ్నలకును మన పెద్దలు సమాధానములు ఏర్పరచిరి. వీనిని మనము వట్టి ఆచారములుగా తలచి మెల్లమెల్లగా విడిచితిమి. మనము విడిచిన చోటు ఖాళీగా ఉండలేదు. భోజనశాలను కట్టువారు, పళ్ళెమును చేయువారు, పొట్లమును రూపొందించువారు నేడు మన ఆకలికి హద్దులు నిర్ణయించుచున్నారు. ఈ సంగతిని కొంచెము నిదానముగా విచారింతము.

శాస్త్రము చూపిన అంశములు

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశము ప్రసిద్ధమైనది. ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగును. అంతఃకరణము శుద్ధమైనచో స్మృతి నిలుకడ చెందును. స్మృతి నిలిచినచో హృదయగ్రంథులు వీడును అని దాని సారము. ఇచట ఆహారమనగా ఇంద్రియములు లోనికి గ్రహించు విషయములని శ్రీ శంకరులు వ్యాఖ్యానించిరి. భగవద్రామానుజులు భుజించు అన్నమనియే గ్రహించిరి. శ్రీభాష్యమున సాధనసప్తకములో మొదటిదగు వివేకమును వివరించుచు, జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు లేని అన్నము వలన కలుగు శుద్ధియే వివేకమని వారు నిరూపించిరి. స్వభావము చేతనే వర్జ్యమగుట జాతిదోషము. అన్నము కలవాని నడవడి వలన వచ్చునది ఆశ్రయదోషము. ఎంగిలి, వెంట్రుక మొదలగు వాని స్పర్శ వలన వచ్చునది నిమిత్తదోషము. శ్రీ వేదాంతదేశికులు ఆహారనియమము అను పేర తమిళమున ఒక ప్రత్యేక ప్రబంధమే రచించిరి. ఈ విషయమునకు మన ఆచార్యులు ఇచ్చిన ప్రాధాన్యము దీనివలన తెలియును.

ఇక వైద్యశాస్త్రమును చూతము. చరకసంహిత విమానస్థానపు మొదటి అధ్యాయమున ఆహారమును గూర్చి ఎనిమిది అంశములు విచారింపవలెనని చెప్పబడినది. అవి ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త అనునవి. పదార్థపు సహజగుణము ప్రకృతి. వంట చేత దానికి కలుగు మార్పు కరణము. ఒక దానితో మరియొకటి కలియుట సంయోగము. ఈ మూడును వంటింటి విషయములు. దేశమనగా పదార్థము పుట్టిన నేల, అది తినువాని నేలకు పొసగుట. తక్కిన నాలుగును పీట దగ్గరి విషయములు. ఎంత తినవలెను అనునది రాశి. ఎప్పుడు తినవలెను అనునది కాలము. తిను పద్ధతి ఉపయోగసంస్థ. తినువాడు ఉపయోక్త.

ఆ అధ్యాయముననే తిను పద్ధతి కూడ వివరింపబడినది. ముందు తిన్నది జీర్ణమైన పిదప, వేడిగా, మితముగా, మనసునకు నచ్చిన చోట, నచ్చిన ఉపకరణములతో, మిక్కిలి వేగము గాని మిక్కిలి ఆలస్యము గాని లేక, మాటలును నవ్వులును మాని, మనసు నిలిపి తినవలెనని దాని తాత్పర్యము. వైద్యుడు చోటును గూర్చియు, పాత్రను గూర్చియు ఏల చెప్పవలసి వచ్చెను? ఆకలి కడుపులో పుట్టునదే. తృప్తి మాత్రము కడుపు ఒక్కదాని వలననే కలుగునది కాదు. కన్ను, చేయి, కూర్చున్న తీరు, ప్రక్కనున్న వారు, అన్నియు దానిలో పాలు పంచుకొనును. ఈ రహస్యమును ఎరిగిన వారు భోజనమునకు ఒక అమరికను ఏర్పరచిరి.

పాత పంక్తి యొక్క అమరిక

మన తాతల నాటి పంక్తిని తలచుకొందము. మోదుగాకులను ఈనెపుల్లలతో కుట్టిన విస్తరి ముందున్నది. దాని కొలత ఎంతయో అంతయే తినువాని పొలము. వంటపాత్ర అతనికి అందుబాటులో లేదు. వడ్డించువారు వచ్చినపుడే పదార్థము వచ్చును. వారు మరల వచ్చువరకు వేచి ఉండవలెను. ఆ వేచి ఉండుటలోనే మొదటి ముద్ద కడుపు చేరి తన వార్త తెలుపుకొనును. నేడు వైద్యులు చెప్పునదియు ఇదియే. కడుపు నిండిన సంగతి తలకు అందుటకు కొంత వ్యవధి పట్టును; వేగముగా తినువాడు ఆ వార్త రాకముందే హద్దు దాటును.

వడ్డనకు వరుస కలదు. పప్పు, కూర, పులుసు, చారు, చివర మజ్జిగ. మజ్జిగ వచ్చినదనగా భోజనము ముగింపునకు వచ్చినదని బాలురకును తెలియును. మొదట పరిషేచనము, ఆపోశనము, ప్రాణాహుతులు. చివర ఉత్తరాపోశనము. ఉత్తరాపోశనము పట్టిన పిదప విస్తరిలోని దానిని ముట్టరాదు. భోజనమునకు ద్వారము వలె ఒక ఆదియు, తలుపు మూసినట్లు ఒక అంతమును ఉండుట ఈ అమరికలోని గొప్ప విశేషము. పాంచరాత్ర సంప్రదాయమున ఇజ్య ముగిసిన పిదప ప్రసాదమును స్వీకరించుటకు అనుయాగమని పేరు. అనగా భోజనము కూడ యాగమునకు అనుబంధమే. యాగమునకు ఆద్యంతములు ఉన్నట్లే దానికిని ఉండును.

పంక్తిలో ఒకడు ముందుగా లేచుట దోషమని స్మృతులు చెప్పినవి. త్వరగా తినువాడు నెమ్మదిగా తినువాని కొరకు ఆగవలెను. ముసలివాని వేగమే పంక్తి వేగము. కడుపులో సగము అన్నమునకు, పాతిక నీటికి, పాతిక వాయుసంచారమునకు విడువవలెనని వాగ్భటుని అష్టాంగహృదయము చెప్పిన కొలత ఈ అమరిక వలన చాలవరకు తనంతట తానే సిద్ధించుచుండెను. పెండ్లిండ్లలోను, సంతర్పణలలోను కొసరి కొసరి వడ్డించుట వలన అతిభోజనము జరుగుచుండుట నిజమే. కాని అది ఏడాదికి కొన్ని దినములు మాత్రమే. నిత్యభోజనమునకు నిగ్రహము తినువాని పట్టుదల మీద గాక అమరిక మీదనే ఎక్కువ ఆధారపడి యుండెను.

పెద్ద అంబర్‌పేట్ దారి వెంట

ఇప్పుడు హైదరాబాదు తూర్పు భాగమునకు వత్తము. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్, వనస్థలిపురము, హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట్ చేరు దారి విజయవాడ పోవు జాతీయ రహదారి. పూర్వము దీనికి 9వ సంఖ్య. ఇప్పుడు 65వ సంఖ్య. పెద్ద అంబర్‌పేట్ వద్ద ఇది 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డును కలియుచున్నది. సంఘీనగర్ కొండ మీది వేంకటేశ్వరుని దర్శించువారు, మట్టపల్లి, వేదాద్రి నృసింహ క్షేత్రములకు పోవువారు, సూర్యాపేట మీదుగా భద్రాచలము చేరువారు ఈ దారిననే ప్రయాణము చేయుదురు. కనుక ఈ దారిలోని భోజనపు తీరు మన యాత్రికుల భోజనపు తీరు కూడ.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు కేంద్రములు, వసతిగృహములు మెండు. అచటి విద్యార్థి ఉదయము టిఫిను బండి వద్ద నిలువబడి నాలుగు నిమిషములలో తిని పోవును. కూర్చుండుటకు చోటు లేకుండుట ఆ బండి అమరిక. దాని ఫలము వేగము. కొంచెము ముందుకు పోయినచో ప్రతి కాలనీలోను కర్రీ పాయింటు కలదు. ఇంట అన్నము మాత్రము వండుకొని కూరలు పొట్లములలో తెచ్చుకొందురు. ఆలుమగలు ఇరువురును ఉద్యోగమునకు పోవు ఇండ్లకు ఇది ఆసరా యగుచున్నది. దానిని నిందించుట ధర్మము కాదు. అయితే ఉప్పును, నూనెను నిర్ణయించు చేయి ఇంటి నుండి అంగడికి పోయినదని గుర్తింపవలెను.

ఊరు దాటి రహదారి భోజనశాలల వద్దకు వచ్చునప్పటికి అమరిక మరింత బలవత్తరమగును. యాత్రికుల బస్సు ఆగును. ఇరువది నిమిషముల గడువు. ద్వారము వద్దనే రంగురంగుల బొమ్మలతో పదార్థముల పట్టిక. విడిగా కొనినదాని కంటె కాంబో చౌకగా కనబడును; కనుక అక్కరలేని పానీయము కూడ పళ్ళెములోనికి వచ్చును. బఫే అయినచో వంటపాత్ర తినువాని చేతికే వచ్చినది. ఎంత తినినను వెల ఒక్కటియే గనుక, ఆకలి అడుగవలసిన ప్రశ్నను రూకలు అడుగుచున్నవి. ఇచ్చిన సొమ్మునకు సరిపడ తింటినా అని మనసు లెక్క వేయును. డబ్బు చెల్లించు బల్ల వద్ద మిఠాయిలును, చాక్లెట్లును పిల్లల కంటికి సరిగా అందు ఎత్తున అమర్చబడి యుండును. అది యాదృచ్ఛికము కాదు. గోడ మీద టెలివిజను, చేతిలో సెల్‌ఫోను. ఇంటికి వచ్చిన పిదప ఫోనులోనే తిండి తెప్పించుకొను సదుపాయము కలదు గనుక, దేశమును కాలమును కూడ తొలగిపోయినవి. నడిరేయి యైనను పొట్లము గుమ్మములోనికి వచ్చును.

ఇచట ఛాందోగ్యపు ఆహారశబ్దమును మరల తలచుకొనవలెను. శ్రీ శంకరులు చెప్పిన అర్థము ఒకటి, భగవద్రామానుజులు గ్రహించిన అర్థము ఒకటి. టెలివిజను చూచుచు తినువాడు ఒకే సమయమున రెండు ఆహారములను లోనికి పంపుచున్నాడు. నోటికి అందునది ఏమో కంటికి తెలియదు. కంటికి అందునది ఏమో నాలుకకు తెలియదు. ఏ ఆచార్యుని అర్థము ప్రకారము చూచినను అచట శుద్ధి చెడినది.

మరియొక వింత. నగరమున అరబ్బు దేశముల పద్ధతి భోజనశాలలు కొన్ని వెలసినవి. అచట నేల మీద కూర్చుండి ఒకే పెద్ద పళ్ళెము చుట్టును చేరి తిందురు. ఆ పదార్థములు మనకు గ్రాహ్యములు కావు. కాని నేల మీద కూర్చుండుట నేటి యువకులకు గిట్టదను మాట అబద్ధమని దీనివలన తెలియుచున్నది. కలిసి కూర్చుండి తినవలెనను కోరిక వారిలో చావలేదు. మనము ఇంట పీట తీసివేసితిమి. వారు ఆ సుఖమును వెల యిచ్చి బయట కొనుక్కొనుచున్నారు.

పరిశోధకుల మాట

ఇవి వృద్ధుల సణుగుడు మాటలని కొందరు అనవచ్చును. కనుక శాస్త్రజ్ఞుల పరిశోధనలను కూడ చూపుచున్నాను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 72 పరిశోధనలను క్రోడీకరించి 2015లో కోక్రేన్ సంస్థ ద్వారా ఒక సమీక్ష ప్రకటించిరి. వడ్డన గాని, పొట్లము గాని, పాత్ర గాని పెద్దదైనచో జనులు ఎక్కువ తిందురని అందు తేలినది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో 20 మందిని నాలుగు వారములు ఒకే చోట ఉంచి పరీక్షించిరి. రెండు వారములు యంత్రాగారములలో మిక్కిలి సంస్కరింపబడిన ఆహారము, రెండు వారములు సహజమైన ఆహారము ముందు ఉంచి, కోరినంత తినుమనిరి. ముందు ఉంచిన వానిలో శక్తి, చక్కెర, క్రొవ్వు, పీచు, ఉప్పు సమానముగానే యుండెను. అయినను మొదటి రకమును తిన్న దినములలో రోజునకు సుమారు 500 కిలోకేలరీలు ఎక్కువగా తినిరి, త్వరగాను తినిరి, బరువును పెరిగిరి. చరకుడు కరణమనియు, రాశి యనియు పేర్కొన్న అంశములకు ఇవి నేటి సాక్ష్యములు.

మన దేశపు సంగతి చూడుడు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనము ప్రకారము మన దేశమున పది కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరు. మన హైదరాబాదు తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో ఇచటికి వచ్చినది. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములలో దేశపు వ్యాధిభారములో 56.4 శాతమునకు సరికాని ఆహారమే కారణమని అంచనా వేయబడినది. ఉప్పు, చక్కెర, నూనె తగ్గించి, మిక్కిలి సంస్కరింపబడిన పదార్థములను మానుమని ఆ గ్రంథము హితవు చెప్పినది.

నాకు పరిచితమైన ఒక కుటుంబము వనస్థలిపురమున కలదు. ఇంటిలోని వృద్ధమాత మధుమేహపీడితురాలు. వేళకు తినుమని వైద్యుని ఆజ్ఞ. ఆమె ఉదయమే వండి, స్వామికి నివేదించి, కూర్చుండును. కుమారుడు తొమ్మిదింటికి, కోడలు పదింటికి, మనుమడు రాత్రి పదకొండింటికి, ఎవరి గదిలో వారు, ఎవరి తెర ముందు వారు తిందురు. అందరును తిన్న పిదప తినవలెనని ఆ తల్లి నియమము. అందరును ఎన్నడును తినరు. ఆ విధముగా ఆమె వేళ తప్పుచుండెను. ఒకనాడు సొమ్మసిల్లి పడినది. అటుపై కోడలు ఒక నిర్ణయము చేసినది. రాత్రి ఎనిమిదింటికి అందరును ఒకే చోట, అత్తగారితో కూడ కూర్చుండవలెను. వడ్డన దినమునకు ఒకరి వంతు. నెలలు గడచినవి. తల్లి ఆరోగ్యము కుదుట పడినది. మనుమడు బయటి పొట్లములు తెప్పించుట తగ్గినది. ఎవరును అతనిని మందలింపలేదు. అమరిక మారినది, అంతే.

పాతదానిలో విడువవలసినది

పూర్వపు పంక్తి అంతయు నిర్దోషమని చెప్పుట సత్యము కాదు. దానిలో కొందరికి చోటు లేకుండెను. స్త్రీలు అందరి తరువాత మిగిలిన దానితో సరిపెట్టుకొనుచుండిరి. హోటలు వచ్చిన తరువాత, వెల ఇచ్చిన ప్రతివానికి ఒకే బల్ల దొరికినది. అది సామాన్యమైన మేలు కాదు. కనుక మనము నిలుపుకొనవలసినది పంక్తి లోని మితము, ఓర్పు, ఆద్యంతములు. విడువవలసినది వేరుపాటు.

ఇది సాధ్యమని తిరుమల చూపుచున్నది. పూర్వము తరిగొండ వెంగమాంబ అచట ఉత్సవ దినములలో యాత్రికులకు అన్నదానము చేసినది. 1985లో తిరుమల తిరుపతి దేవస్థానము నిత్యాన్నదాన పథకమును ప్రారంభించినది. ఆ తల్లి పేర కట్టిన అన్నప్రసాద భవనము 2011లో ప్రారంభమైనది. నాలుగు శాలలు; ఒక్కొక్కదానిలో వేయి మంది కూర్చుండ వీలున్నది. ఏ ఊరు, ఏ కులము అని ఎవరును అడుగరు. అచట నేల మీద పీటలు లేవు, బల్లలే. అయినను వరుసగా కూర్చుండుట, వడ్డించువారు వచ్చువరకు వేచియుండుట, గోవిందనామము పలికి ఆరంభించుట, తిని లేచి తరువాతి వారికి చోటిచ్చుట, ఇవి అన్నియు కలవు. ఇన్ని వేల మందికి వడ్డించుచు పంక్తిని నిలుపగలిగినపుడు నలుగురు ఉన్న ఇంట నిలుపలేమా? భాగవతులకు అన్నము పెట్టుటను మన సంప్రదాయము తదీయారాధనమన్నది. ఇంటివారు కూడ తదీయులే కదా!

ఆచరింపదగినవి

గృహస్థులు దినమునకు ఒక పూటయైనను అందరును ఒకే చోట కూర్చుండి భుజింపవలెను. ఆ సమయమున టెలివిజనును, సెల్‌ఫోనులను దూరముగా ఉంచవలెను. వంటపాత్రలను బల్ల మీద పెట్టక, ఒకరు వడ్డింపవలెను. ఆ పని పురుషులును, బాలురును కూడ వంతుల వారీగా చేయవలెను. పళ్ళెములు చిన్నవిగా ఉండుట మేలు. బయటి నుండి తెచ్చిన దానిని పొట్లము నుండియే తినక, కావలసినంత మాత్రము పళ్ళెములోనికి తీసికొనవలెను. నివేదనమున పట్టు ఆ రెండు నిమిషములు ఆకలికిని చేతికిని నడుమ ఒక గట్టు. మజ్జిగతో ముగించి, ఉత్తరాపోశనము తెలిసినవారు దానిని పట్టి, తెలియనివారు భగవన్నామము తలచి లేచి, మరల వేళ వచ్చువరకు ఏమియు ముట్టకుండుట అభ్యసింపవలెను. ఏకాదశి నాడు అన్నము మాని, దానికి రెట్టింపు ఉప్మా, దోసెలు తిని ఫలాహారమని పేరు పెట్టుట వ్రతము కాదు. పేరు మార్చిన భోజనము.

యాత్రికులు పులిహోర కట్టుకొని పోవుట పూర్వాచారము. చింతపండు పులుపు వలన అది ఒక దినము చెడదు. దధ్యోదనము వేసవిలో త్వరగా పులియును గనుక దానిని మొదటి పూటనే ముగింపవలెను. భోజనశాలకు పోక తప్పనిచో, ఏమి తినవలెనో బస్సు దిగక ముందే నిశ్చయించుకొనుడు. లోనికి పోయిన పిదప నిశ్చయించునది బొమ్మల పట్టిక. గడ్డిఅన్నారమున ఉండిన పండ్ల మార్కెటు 2021లో పెద్ద అంబర్‌పేట్‌కు చేరువనున్న బాటసింగారమునకు తరలినది. ఆయా ఋతువుల పండ్లు రాశులుగా వచ్చు చోటు ప్రక్కనుండగా, పిల్లల చేతికి ఉప్పు పొట్లమును ఇచ్చుట ఏమి వివేకము?

అతిగా తినువానికి గాని, బొత్తిగా తినని వానికి గాని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున సెలవిచ్చినాడు. ఆ మితమును కేవలము మనోబలముచే సాధించుట కొందరికే సాధ్యము. తక్కినవారి కొరకు పెద్దలు విస్తరిని, వడ్డనను, వరుసను, ముగింపును ఏర్పరచిరి. ఏదో ఒక అమరికలో కూర్చుండియే మనము తినవలెను. అది అంగడివాడు తన లాభమునకు ఏర్పరచినదా, లేక మన ఇంటివారి క్షేమము కోరి మనమే ఏర్పరచుకొన్నదా అనునది మాత్రము మన చేతిలో ఉన్నది. ఈ రాత్రి భోజనమునకు నలుగురును ఒక్కచోట కూర్చుండినచో, రేపటికి అది అలవాటగును, ఏడాదికి ఆచారమగును.